వెనక్కి కట్టుకున్న చేతులు

మిషను ఆసుపత్రి పెద్ద డాక్టరు గారు పోయారన్న కబురు నాకు డుంబ్రిగుడ సంతలో అందింది. ఉప్పు మూట కట్టించుకుంటున్నాను. ఒకప్పుడు నా కింద డోలీ మోసిన మనిషి ఒకడు జనాన్ని తోసుకుంటూ వచ్చి, "మేస్త్రీ, డాక్టరు బావు ఎల్లిపోనాడు" అన్నాడు. ఎక్కడికి అని అడిగాను. వాడు తలగుడ్డ తీసి చేత్తో పట్టుకున్నాడు. అప్పుడు అర్థమయింది.

చదివేవాళ్ళకి కోపం వస్తే రానివ్వండి, ఉన్నమాట రాస్తాను. నాకు ముందు ఏడుపు రాలేదు. గుండె మీంచి ఏదో దించినట్టయింది. డోలీ మోసినవాడికి ఆ సుఖం తెలుసు. ఘాటీ ఎక్కి వచ్చి భుజం మీంచి బొంగు దించగానే ఒళ్ళు గాలిలో తేలినట్టు ఉంటుంది. అలాగే అయింది. ఏడుపు తర్వాత వచ్చింది, ఇంటికి పోయే దారిలో. కానీ ముందు వచ్చింది ఆ తేలిక. అది ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నాను. సంఘం పత్రికలో ఆయన గురించి రాయడానికి చదువుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారు. పాస్టరు గారు నన్ను కూడా రాయమన్నారు. నాకు అక్షరాలు గడ్డం నెరిశాక వచ్చాయి. ఒత్తులూ దీర్ఘాలూ ఆయన దిద్దుతానన్నారు. మాటలు మాత్రం దిద్దనివ్వనని ముందే చెప్పాను.

నేను డోలీ మేస్త్రీని. ఈ అరకు లోయలో బండి పోయే దారి తక్కువ, మనిషి పోయే దారే ఎక్కువ. పొడవాటి బొంగుకి దుప్పటి ఉయ్యాలలా కట్టి, అందులో మనిషిని ముడుచుకుని కూర్చోబెట్టి మోస్తాం. తాసీల్దార్లను మోశాం, తెల్లదొరలను మోశాం, నొప్పులు పడుతున్న ఆడవాళ్ళను మోశాం, ఎలుగుబంటి పట్టి చీల్చినవాళ్ళను మోశాం. నా జట్టు పరుగు ఈ కొండల్లో ఇంకొకరికి లేదు. ఇది గొప్పకి చెప్పడం కాదు, అడిగితే ఎవరైనా చెబుతారు.

పెద్ద డాక్టరు గారు ఇక్కడికి వచ్చింది జర్మనీ యుద్ధం అయిపోయాక. పార్వతీపురం వైపు మనిషి, పాత క్రైస్తవ కుటుంబం. యుద్ధంలో బస్రా అనే చోట సిపాయిలకి వైద్యం చేశాడట. వచ్చేటప్పుడు ఒక పటాలం కోటు తెచ్చుకున్నాడు, అది ఎండల్లో కూడా విప్పేవాడు కాదు. మనిషి ఎదురైతే ముందు మొహం చూడడు. చేతులు చూస్తాడు, తర్వాత కాళ్ళు చూస్తాడు, ఆఖర్న మొహం చూసి "బాగున్నావా" అంటాడు. మిషను గుళ్ళో పాట పాడితే పక్కవాళ్ళు కూడా రాగం మర్చిపోయేవారు. దెబ్బలకి కట్టే గుడ్డల దగ్గర పరమ పిసినారి. వాడినవన్నీ ఉడకబెట్టించి ఆసుపత్రి కంచె మీద ఆరేయించేవాడు. దూరం నుంచి చూస్తే కంచె మీద కొంగలు వాలినట్టుండేది.

ఆయన్ని మొదటిసారి చూసిన రోజున నాకు ఆయన మీద పుట్టింది ఒట్టి కోపం. కల్లు గీసే జీలుగు చెట్టు మీంచి పడి తొడ విరిగిన మనిషిని ఒకణ్ణి మేము ఆసుపత్రికి తెచ్చాం. ఎక్కడా ఆగలేదు, నీళ్ళు తాగలేదు. డోలీ దించి చూస్తే మనిషిలో ఊపిరి లేదు. నేను ఎంత తొందరగా తెచ్చానో ఆయనకి చెప్పాను, మావల్ల ఆలస్యం లేదని తెలియాలి కదా. ఆయన ఆ తొడ మీద చెయ్యి వేసి చూసి, "ఇంత బేగి తేకపోతే బతికేవోడు మేస్త్రీ" అన్నాడు.

నా జట్టు ముందు అన్నాడు ఆ మాట. విరిగిన కాలిని డోలీలో ముడిస్తే ఎముక మొన లోపల కోసుకుపోతుందని, పరుగులో ఊగిన ప్రతిసారీ ఇంకొంచెం కోస్తుందని, నెత్తురు బయటికి రాకుండా తొడలోకే కారిపోతుందని చెప్పాడు. నేను వినలేదు. నాకు తెలియని దానికి నన్ను అంటే ఊరుకునే మనిషిని కాను. మీ ఆసుపత్రికి ఇంక ఒక్క మనిషిని మోసినా నా పేరు మార్చుకుంటానని చెప్పి వచ్చేశాను.

కొన్నాళ్ళకి ఆయనే మా ఊరు వచ్చాడు. కరిచే పొట్టి గుర్రం ఒకటి ఉండేది ఆయనకి, దాన్ని మా పనస చెట్టుకి కట్టి, మా అరుగు మీద కూర్చుని, చోడి అంబలి అడిగి తాగాడు. తాగి మూతి తుడుచుకుని, వాకిట్లో పడుకోమన్నాడు నన్ను.

"ఏటికి?"

"మా కుర్ర డాక్టర్లకి దెబ్బలు తగిలిన మనిషి కావాల. నిజంగా తగిలినోడి మీద నేరిపిస్తే ఆడు సచ్చిపోతాడు. ఏటీ తగలనోడివి నువ్వు పడుకో."

ఊళ్ళో ఇంతమంది ఉండగా నేనే ఎందుకని అడిగాను. "నీకు నోరుంది. నొప్పెట్టిందని చెప్పటానికి నువ్వు సిగ్గుపడవు. మిగతావోళ్ళు డాక్టరు బావుని సూసి పళ్ళు బిగబట్టుకుంటారు" అన్నాడు. ఆ మాట నాకు నచ్చింది. పడుకున్నాను.

అలా మొదలయింది. విశాఖపట్నంలో చదువు ముగించుకున్న కుర్ర డాక్టర్లు ఇద్దరిద్దరుగా వచ్చి ఆయన దగ్గర కొన్నాళ్ళు ఉండేవారు. పుస్తకాలన్నీ చదివినవాళ్ళే, తెలివికి లోటులేదు. కానీ కొండవాలులో, బురదలో, చుట్టూ ఏడ్చే జనం మధ్య మనిషి పడి ఉంటే ఏం చెయ్యాలో పుస్తకంలో ఉండదట. అందుకని ఆయన ఆసుపత్రి గదిలో నేర్పేవాడు కాదు. నన్ను ఒకరోజు వాగులో రాళ్ళ మీద పడుకోబెట్టేవాడు, ఒకరోజు పొదలో తలకిందులుగా, ఒకరోజు పనస చెట్టు కింద. పసుపులో సున్నం కలిపిన ఎర్రనీళ్ళు నామీద పోసేవాడు. చెవిలో చెప్పేవాడు, ఈరోజు నీకు భుజం ఊడింది, లేకపోతే ఈరోజు నీకు కడుపులో దెబ్బ, పైకి ఏమీ కనబడదు, ఊపిరి ఆగి ఆగి తియ్యి, మాట్లాడకు అని. తర్వాత ఈల వేసేవాడు. కుర్ర డాక్టర్లు పరిగెత్తుకు వచ్చి నా దెబ్బ ఏమిటో కనిపెట్టాలి, కట్టు కట్టాలి. ఊరి పిల్లలంతా చుట్టూ చేరి నవ్వేవారు. మా ఆవిడ ఆ ఎర్రబట్టలు ఉతకలేక, "ఇయ్యాల కూడా సచ్చినావేటి?" అని అడిగేది.

ఒకరోజు నాతోపాటు నా జట్టులో మనిషిని ఇంకొకణ్ణి పడుకోబెట్టాడు. వాడికి మోకాలు గీరుకుపోయిందని, గట్టిగా అరవమని చెప్పాడు. నన్ను నోరెత్తవద్దన్నాడు. కుర్ర డాక్టర్లు ఇద్దరూ అరిచేవాడి దగ్గరికే పరిగెత్తారు. వాడి మోకాలికి ఇద్దరూ కలిసి అందంగా కట్టు కట్టారు. నేను గడ్డిలో పడుకుని చీమలు కుట్టించుకుంటున్నాను. కట్టు అయ్యాక ఆయన నా దగ్గరికి నడిచి వచ్చి, నా మొహం మీద తన కోటు కప్పాడు. అంటే నేను చచ్చిపోయానని. అప్పుడు వాళ్ళతో అన్నాడు, "అరిచేవాడికి ఊపిరి ఉంది. నోరెత్తనివాడి దగ్గరికి ముందు వెళ్ళండి." ఆ కుర్రవాళ్ళ మొహాలు కోటు కిందనుంచి నేను చూశాను. ఆ పాఠం వాళ్ళు మరిచిపోయి ఉండరు.

ఇంకో మాట ఎప్పుడూ అనేవాడు. పరిగెత్తుకు వెళ్ళండి, వెళ్ళాక నెమ్మదిగా ముట్టుకోండి అని. కట్టు కట్టాక కాలివేళ్ళు పట్టుకు చూడమనేవాడు. వేళ్ళు చల్లబడితే తప్పు కట్టుది, రోగిది కాదు అనేవాడు. వాళ్ళు కట్టింది బిగువైతే నేను ఊరుకునేవాణ్ణి కాను, కసిరేవాణ్ణి. ఒక కుర్రాయనకి కోపం వచ్చి, మీ నటుడికి కొంచెం మర్యాద నేర్పండి సార్ అన్నాడు. నిజం రోగి నిన్ను తిట్టలేడు, మేస్త్రీ తిడుతున్నప్పుడే నేర్చుకో అన్నాడు పెద్ద డాక్టరు గారు.

పాస్టరు గారికి నచ్చని సంగతి ఒకటి ఉంది, అదీ రాస్తున్నాను. మా కొండమీద చెట్టు మీంచి మనిషి పడితే ఆ చెట్టు కింద క్షణం ఉంచరు. ఉంచితే చెట్టు పట్టేసుకుంటుందని నమ్మకం. ఎముక విరిగిందో నడుం విరిగిందో చూడరు, రెక్కా కాలూ పట్టుకుని ముందు అవతలికి లాగేస్తారు. కుర్ర డాక్టర్లు వద్దు వద్దంటే ఎవరు వింటారు? ఒక ఊళ్ళో వాళ్ళ మీదికి గొడ్డళ్ళు ఎత్తారు. పెద్ద డాక్టరు గారు జనంతో వాదించలేదు. మా దిసారి దగ్గరికి వెళ్ళాడు. దిసారి అంటే మా ఊళ్ళకి మంచిచెడు ఘడియలు చూసి పూజలు చేసే మనిషి. చెట్టు కింద పడ్డవాణ్ణి కదపకుండా చెట్టు నుంచి కాపాడే ఉపాయం ఏమైనా ఉందా అని అడిగాడు. దిసారి ఆలోచించి, పడ్డవాడి చుట్టూ బియ్యప్పిండితో గీత గీసి నేను కూర్చుంటే చెట్టు లోపలికి రాలేదు అన్నాడు. అప్పటినుంచి చెట్టు మీంచి ఎవరు పడినా దిసారికి కూడా కబురు వెళ్ళేది. పట్నం కుర్రవాళ్ళు ముందు నవ్వారు. ఆ గీత లోపల మీకు కట్టు కట్టే వేళ దొరుకుతోంది, ఆ వేళ నేను ఇవ్వలేను, ఆయన ఇస్తున్నాడు, నమస్కారం పెట్టి లోపలికి వెళ్ళండి అన్నాడు ఆయన.

ఇంక మా పెద్దోడి సంగతి.

ఆ ఏడు చలి గట్టిగా ఉంది. తెల్లారి మంచు విడవకముందే మావాడు జీలుగు కల్లు దించడానికి ఎక్కాడు. చెట్టుకి ఆనించిన వెదురు మంచుకి తడిసి జారింది. పడ్డ చప్పుడు నేను ఇంట్లోంచి విన్నాను. వెళ్ళి చూస్తే తొడ దగ్గర కాలు వంకరగా ఇంకోవైపు తిరిగి ఉంది. వాడికి తెలివి ఉంది గానీ నోరెత్తడం లేదు. మొహం బూడిదలా ఉంది. నోరెత్తనివాడంటే ఏమిటో నాకు తెలుసు కదా, ఆ వేషం ఎన్నోసార్లు వేసినవాణ్ణి.

నా తమ్ముడూ బావమరిదీ వచ్చి వాణ్ణి ఎత్తబోయారు. నేను కర్ర తీసుకుని అడ్డం నిలబడ్డాను. ఎవడు ముట్టుకున్నా కర్ర ఇరుగుతాదని చెప్పాను. పరిగెత్తేవాణ్ణి ఒకణ్ణి ఆసుపత్రికి, ఇంకొకణ్ణి దిసారికి పంపాను. మా ఆవిడ నా గుండెల మీద కొట్టింది. "కన్నకొడుకుని సెట్టుకి ఒగ్గీసినావు. డోలీ మేస్త్రీవి, ఊరందరి కోసం పరిగెత్తినావు, నీ కొడుకు కాడ నిలబడిపోనావేటి?" అంది. నేను కర్ర దించలేదు. ఈ జన్మలో నేను మోసిన బరువులన్నిట్లోకి అలా నిలబడటమే బరువు.

దిసారి ముందు వచ్చాడు. గీత గీసి తూర్పుకి తిరిగి కూర్చున్నాడు. జనం కొంచెం సర్దుకున్నారు. తర్వాత గుర్రం మీద పెద్ద డాక్టరు గారు, ఆ గుర్రం కన్నా ముందు పరిగెత్తుకుంటూ కుర్ర డాక్టర్లు ఇద్దరూ. ఒకాయన కళ్ళజోడు పెట్టుకునేవాడు. వెదురు బద్దల మోపు ఆయన చంకలో ఉంది. ఆ ఏడాదే చదువు ముగించి వచ్చాడు, నా మీద ఆయన కట్టిన కట్లు నాకు తెలుసు. మంచివాడు, కానీ చేతులు భయపడతాయి.

నేను గుర్రం కళ్ళెం పట్టుకుని పెద్ద డాక్టరు గారితో, నువ్వే కట్టు బావూ, ఆడు నా కొడుకు అన్నాను. ఆయన దిగి, ఒకసారి మావాణ్ణి చూసి, "ఆయన కడతాడు మేస్త్రీ" అన్నాడు, కళ్ళజోడు ఆయన్ని చూపించి.

"ఆయన ఇన్నాళ్ళూ నామీద కట్టింది ఆట. ఇది ఆట కాదు."

"కాదు. నాను ఇక్కడే ఉంటాను. తప్పు జరిగితే నా సెయ్యి అడ్డం పెడతాను. జరక్కపోతే పెట్టను."

"నీ కొడుకైతే ఇలగే నిలబడిపోతావేటి?"

ఊరంతా విన్నది ఆ మాట. ఆయనకి కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. "నిలబడలేను. అందుకే నిన్ను కూడా నా ఎనక్కి రమ్మంటన్నాను" అన్నాడు. నా జబ్బ పట్టుకుని తన వెనకాల నిలబెట్టి, ముందుకి తిరిగి, చేతులు రెండూ వెనక్కి కట్టుకున్నాడు.

అందువల్ల నేను చూసింది ఇంకెవరూ చూడలేదు. ముందునుంచి చూసినవాళ్ళకి ఆయన ఎండలో నిలబడి చేను చూసుకునే రైతులా కనబడ్డాడు. మొహంలో ఏమీ లేదు. కళ్ళజోడు ఆయన దిసారికి నమస్కారం పెట్టి గీత దాటి లోపలికి వెళ్ళాడు. మావాడి నెత్తి నిమిరి ఏదో చెప్పాడు. రెండో ఆయన చీలమండ దగ్గర కాలు పట్టుకుని తిన్నగా లాగి పట్టాడు, లాగుతూనే ఉన్నాడు, సడలనివ్వలేదు. అప్పుడు మావాడు అరిచాడు. కొండ ప్రతిధ్వని ఇచ్చింది. నా ముందున్న చేతుల్లో కుడిచెయ్యి ఎడమచేతి మణికట్టుని పట్టుకుంది.

వెదురు బద్దకి పైన నీళ్ళకుండ కింద పెట్టే చుట్టకుదురులాంటి గుడ్డచుట్ట కట్టి, అది గజ్జల్లోకి ఆనించి, కింద పాదం దాటేదాకా బద్ద పొడుగు ఉంచి, చీలమండకి గుడ్డ వేసి, పుల్లతో మెలితిప్పి కాలు లాగి ఉండేలా కట్టాలి. అదీ పద్ధతి. కళ్ళజోడు ఆయన పుల్ల మెలితిప్పడం మొదలుపెట్టాడు. కానీ ముందు కాలివేళ్ళు పట్టుకు చూడలేదు. నాకు తెలిసింది. నా ముందున్న చేతులకీ తెలిసింది. ఆ గోళ్ళు ఆ మణికట్టులోకి దిగడం చూశాను. ఆ కుడిచెయ్యి ఒకసారి విడిపోయి ముందుకి వెళ్ళబోయింది, ఎడమచెయ్యి దాన్ని వెనక్కి లాగి పట్టుకుంది. ఒకే మనిషి రెండు చేతులు ఒకదానితో ఒకటి కొట్టుకోవడం నేను అప్పుడే చూశాను. నోటితో మాత్రం ఆయన చిన్న దగ్గు కూడా దగ్గలేదు.

కళ్ళజోడు ఆయన ఆగాడు. చెమటకి అద్దాలు మసకబారితే చొక్కాకి తుడుచుకున్నాడు. పుల్ల వెనక్కి తిప్పి వదులు చేశాడు. మావాడి బొటనవేలు పట్టుకుని, నొక్కి వదిలి, రంగు రావడం చూశాడు. రెండో పాదం కూడా చూశాడు. అప్పుడు మళ్ళీ కట్టాడు, నిదానంగా, ముడి మీద ముడి. నా ముందున్న వేళ్ళు ఒక్కొక్కటే సడలాయి.

కాసేపటికి మావాడి మొహంలోకి నెత్తురు తిరిగింది. కళ్ళు తెరిచి నన్ను వెతికి, "అయ్యా, కల్లు కుండ పగిలిపోనాదా?" అన్నాడు. దిసారి కూడా నవ్వాడు. మా ఆవిడ నన్ను తిట్టిన తిట్లన్నీ మళ్ళీ వాణ్ణి తిట్టింది. ఇంటి తడక తలుపు ఊడదీసి, దానిమీద వాణ్ణి తిన్నగా పడుకోబెట్టి, నా జట్టే మోసింది. నా జన్మలో అంత నెమ్మదిగా నేను ఎప్పుడూ నడవలేదు.

బయలుదేరేముందు, వాళ్ళు ఆ తలుపు ఊడదీస్తుండగా, పెద్ద డాక్టరు గారు కాసేపు గట్టు మీద కూర్చున్నాడు. మా ఆవిడ సొరకాయ బుర్రతో నీళ్ళు ఇచ్చింది. ఆయన వేళ్ళు కొంకర్లు పోయి బుర్ర పట్టుకోలేకపోయాయి. మణికట్టు మీద చర్మం చిట్లి నెత్తురు చారలు. ఆవిడ అది చూసి, ఏమీ అడక్కుండా నీళ్ళు తనే ఆయన నోట్లో పోసింది. తాగాక ఆయన నాతో చెప్పాడు.

"బస్రాలో మా పెద్ద డాక్టరు ఒకాయన ఉండేవోడు మేస్త్రీ. ఆయన సెయ్యి పడితే బతికినట్టే. మేం తప్పు సేత్తామని మమ్మల్ని ఎవర్నీ ముట్టుకోనిచ్చేవోడు కాదు. జొరం వచ్చి పోనాడు. ఆయన్ని పాతిపెట్టి వచ్చీసరికి పడవ నిండా దెబ్బలు తగిలినోళ్ళు వచ్చినారు. మా సేతులకి ఏటీ తెల్దు." కోటు చెయ్యి మణికట్టు మీదికి లాక్కున్నాడు. తర్వాత, "నా ఎనకాల ఈ కొండమీద అలగ జరక్కూడదు" అన్నాడు.

ఆయన భుజం మీది బొంగు రెండో కొస ఆరోజు నా భుజం మీదికి వచ్చింది. ఆయన పోతే ఏమవుతుంది? అప్పటినుంచి ఆయన దగ్గినప్పుడల్లా నాకు గుండె జారేది. దగ్గు ఎక్కువవుతూనే వచ్చింది. కుర్ర డాక్టర్లు వచ్చేవారు, నేర్చుకునేవారు, కిందికి దిగిపోయేవారు. వాళ్ళని తప్పుపట్టను, చలికీ జ్వరాలకీ ఇక్కడ ఉండటం సులువు కాదు. ఒకాయన సీతంపేటలో ఉన్నాడని, అక్కడ కూడా కొండవాళ్ళకి వెదురు బద్దలే కడుతున్నాడని విన్నాను. కళ్ళజోడు ఆయన కూడా పార్వతీపురంలో పని దొరికి వెళ్ళిపోయాడు. ఆ రోజు పెద్ద డాక్టరు గారు చాలాసేపు కంచె మీది గుడ్డలు మడతపెడుతూ కూర్చున్నాడు. నేను మాత్రం ఊరుకోక, ఇంత నేరిపించి గాలికి ఒదిలీసినావు బావూ అన్నాను. గాలికి కాదు మేస్త్రీ, పార్వతీపురంలో మాత్రం కాళ్ళు ఇరగవా అన్నాడు. నాకు ఆ జవాబు సరిపోలేదు. ఆయనకి కూడా సరిపోలేదని తెలుస్తూనే ఉంది.

ఆ మరుసటి వానలకి ముందు కళ్ళజోడు ఆయన తిరిగి వచ్చాడు. పెళ్ళాన్ని కూడా తెచ్చుకున్నాడు. ఎందుకొచ్చావని అడిగితే, అక్కడ నేను కట్టిన కట్టు ఎలా ఉందో తిట్టి చెప్పేవాళ్ళు లేరు తాతా అన్నాడు. అబద్ధమో నిజమో, నాకు ఆ మాట కూడా నచ్చింది. మళ్ళీ ఆయన కోసం, ఆయన వెనకాల వచ్చిన కుర్రవాళ్ళ కోసం నేను గడ్డిలో పడుకున్నాను. అయినా నాకు నమ్మకం కుదరలేదు. పెద్దాయన అరుగు మీద కుర్చీలో కూర్చుని ఉండగా చెయ్యడం వేరు, ఆయన లేనినాడు చెయ్యడం వేరు. ఆ సంగతి ఆయన పోయేదాకా తెలిసేది కాదు.

ఇప్పుడు తెలిసింది. ఆయన పోయిన పొద్దున ఆసుపత్రికి ఎలుగు పట్టిన మనిషిని తెచ్చారు. నెత్తి చర్మం లేచిపోయింది, చేతిలోంచి నెత్తురు చిమ్ముతోంది. లోపల పని జరుగుతోంది. పెద్దాయన ఎప్పటిలా బయట కుర్చీలో కోటు కప్పుకుని ఉన్నాడు. ఆసుపత్రి తుడిచే ఆయా నాతో చెప్పింది. లోపల ఎవరే అని అడిగాడట. ఎలుగు పట్టినోడు బావూ అందట ఈవిడ. ఎవరు సూత్తన్నారు అన్నాడట. కళ్ళజోడు బావు అందట.

"అయితే సరే" అన్నాడట ఆయన. అంతే. ఈవిడ వాకిలి ఊడ్చి వచ్చేసరికి తల ఒక పక్కకి వాలి ఉంది, నిద్రపోయాడనుకుని చప్పుడు చెయ్యకుండా వెళ్ళిపోయిందట. లోపలినుంచి ఎవరూ ఆయన్ని పిలవడానికి రాలేదు. రావలసిన అవసరం కలగలేదు. చెయ్యి కట్టి, నెత్తి కుట్టి, ఆ మనిషికి తియ్యటి టీ పట్టించి, అప్పుడు వచ్చి చూసుకున్నారు.

ఆ ఎలుగు పట్టిన మనిషి బతికాడు. నేను వెళ్ళి చూసి వచ్చాను, కాలివేళ్ళు కూడా పట్టుకుని చూశాను. వాడికి దెబ్బ చేతికి కదా, కాలెందుకు చూస్తున్నావని అడిగాడు. అలవాటు అన్నాను.

సంతలో తలగుడ్డ తీసినవాడు ఈ ఎలుగు పట్టినవాడి సంగతి కూడా అప్పుడే చెప్పాడు, నా గుండె మీంచి దిగింది అదీ. ఇన్నేళ్ళూ ఆయన పోయిన మర్నాడు ఎలా ఉంటుందా అని భయపడ్డాను. ఆ మర్నాడు వచ్చింది, ఆసుపత్రి తలుపు ఎప్పటి వేళకే తీశారు, కంచె మీద గుడ్డలు ఆరేశారు. ఆయన ఇంక ఎవరికీ అవసరం లేకుండా పోయాడు. అలా పోవడానికే ఆయన ఇన్నేళ్ళు కష్టపడ్డాడు. ఇది నిష్ఠూరంగా ఉందని పాస్టరు గారు అంటే అననివ్వండి.

ఆసుపత్రి వెనక మిట్ట మీద ఆయన్ని పాతిపెట్టాం. పెట్టెను నా పాత జట్టు మోసింది, కుర్ర డాక్టర్లు పక్కన నడిచారు. దిసారి కూడా వచ్చి చెట్ల అవతల నిలబడ్డాడు. గొయ్యి తవ్వింది మా పెద్దోడు. ఇంకెవరికీ పార ఇవ్వలేదు. ఎర్రమట్టి నడుం లోతు వచ్చేదాకా పైకి కూడా చూడలేదు.

అంతా అయ్యాక జనం పలచబడ్డారు. మా ఊరికి వాగు దాటాలి. పైన ఎక్కడో వాన పడ్డట్టుంది, రాళ్ళ మీంచి నీళ్ళు పారుతున్నాయి. మావాడి కూతురు ఇవతల గట్టున నిలబడి, నాను దిగనని మొరాయించింది. వాడు పార నా చేతికిచ్చి, గుంటని మెడమీద ఎక్కించుకుని, ఒక రాయి మీంచి ఇంకో రాయి మీదికి గెంతుకుంటూ వెళ్ళిపోయాడు. ఇన్నాళ్ళూ వాడు నడిస్తే ఆ కాలే చూసేవాణ్ణి. ఆవేళ ఏ కాలు ముందు వేశాడో చూడలేదు. చూడాలని తోచలేదు. అవతల గట్టు మీదంతా వలిసె పూలు పచ్చగా విరగబూసి ఉన్నాయి. వాడు ఆ చేలో పడి ఎక్కుతుంటే, పూల మీద గుంట నడుం దాకా తేలుతూ, చేతులు చాచి, కొండమీదికి పోయింది.